కుడి నుంచి చూసేవాళ్ళు

మా పక్కింటి అమ్మాయి హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా వంటింటి గడప మీద కూర్చుని, నాతోపాటు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తన పని గురించి చెప్పింది. ఒకే వెబ్‌సైటుకి రకరకాల దేశాలవాళ్ళు వస్తారట. ఎవరికి ఏది ఎటువైపు ఉంటే దారి తెలుస్తుందో ముందే ఆలోచించి పెడతారట. "అరబ్బీ, ఫార్సీ చదివేటోళ్ళకైతే పేజీ మొత్తం తిప్పేస్తం ఆంటీ. వాళ్ళు కుడి దిక్కు నుంచి చూస్తరు గద" అంది. చాలా మామూలుగా అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, ఆ పిల్ల మీద కాదు. ఎనభైలు మొదలైన రోజుల్లో ఇదే మాట చెప్పి మా బాపు నవ్వులపాలయ్యాడు. ఆ తర్వాత పని కూడా పోగొట్టుకున్నాడు. ఇవాళ అదే మాట తెలిసినవాళ్ళను పిలిచి కుర్చీ వేసి జీతాలిస్తున్నారు. లోకం బాగుపడిందని సంతోషించాలి కాబోలు. నా వల్ల కాలేదు. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

అప్పుడు నేను హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో ట్రేసర్‌ని, అదీ టెంపరరీగా. ఇంజనీరు పెన్సిల్‌తో గీసిన నక్షా మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల వెంబడే సిరాతో గీయడం ట్రేసర్ పని. సొంతంగా ఒక్క గీత కూడా పెట్టకూడదు. ముక్కు మీద కోపం ఉన్నదానివి, గీతల వెంబడి నడిచే పని నువ్వెట్లా చేస్తావే అని అవ్వ, మా అమ్మ, ఎప్పుడూ అడిగేది.

మాది హనుమకొండ పక్కనే కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. అవ్వ నేసేది, నూలు తోడేది, మిగిలిన పనంతా చేసేది. బాపుకి మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఆయన నిజాం కాలంలో బడికి పోయినవాడు. మా దిక్కు అప్పుడు చదువంటే ఉర్దూ చదువే. ఆ ఉర్దూ, కాస్త ఫార్సీ, దారిలో ఏరుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలు పెట్టుకుని, జిల్లాలోని ఒక పాత కోవెల దగ్గర గైడుగా కుదిరాడు. ఆ కోవెల పేరు చెప్పను. చెబితే ఆ ఆఫీసు ఏదో, ఆ ఆఫీసరు ఎవరో ఎవరైనా పోల్చుకుంటారు. వాళ్ళ మీద ఆ మాత్రం సిరా ఖర్చు చేయడం కూడా నాకు ఇష్టం లేదు.

కాజీపేటలో రైలు దిగి, బస్సులు మారి, చెమటలు కక్కుతూ ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఆ కోవెలకు వచ్చేవాళ్ళు. బాపు ఎండాకాలంలో కూడా షేర్వాణీ తొడుక్కుని, కాలర్ నల్లబడకుండా మెడలో రుమాలు దోపుకుని వాళ్ళకు ఎదురెళ్ళేవాడు. ఆయన మహానుభావుడేమీ కాదు. గొప్పలు చెప్పుకునే మనిషి. చెప్పేవాటిలో సగం కోతలు. ఒకే శిల్పంలోని నర్తకి ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్ళకు రాణి, జపాన్ వాళ్ళకు ఆ రాణి చెల్లెలు. అదేంటి బాపూ అని అడిగితే, "గంత దూరంకెళ్లి వచ్చిండ్రు, ఒట్టి చేతులతోటి పంపుతమా?" అనేవాడు. కానీ ఒక్కటి మాత్రం నిజం. చెప్పులు విప్పాల్సిన చోట అందరి చేతా విప్పించేవాడు. కూలిపోయేలా ఉన్న మండపం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపేవాడు. వాళ్ళను తిరుగు బస్సు ఎక్కించి, సామాన్లు అందించి, బస్సు కదిలాక గానీ వెనక్కి వచ్చేవాడు కాదు.

ఆ కోవెల మా ఆఫీసు కిందిదే. ఆ పని రోజుకూలీ మీద చేసేవాడు. పర్మినెంట్ చేస్తామని వచ్చిన ప్రతి ఆఫీసరూ చెప్పాడు, చెప్పి బదిలీ మీద పోయాడు. అయినా మా ఇల్లంతా ఆ ఒక్క ఆర్డరు కోసమే కాచుకుని కూర్చుంది. అవ్వకు చూపు మందగిస్తోంది. ఇక మగ్గం మీద ఎంతోకాలం కూర్చోలేదని మాకందరికీ తెలుసు. బాపు పని ఖాయమైతే అవ్వ మగ్గం దిగుతుంది. మేము ఆశపడింది అంతకంటే ఎక్కువేమీ కాదు.

అప్పుడు మా ఆఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఒకసారి విదేశాలకు వెళ్ళొచ్చిన మనిషి. ఆ ఊసు లేకుండా ఆయన నోట మాట వచ్చేది కాదు. ఇకనుంచి మన కోవెలకు అన్ని దేశాలవాళ్ళూ వస్తారు, ఇంతమంది భాషల్లో ఎక్కడ రాస్తాం, కాబట్టి బోర్డుల మీద బొమ్మలే ఉండాలి అన్నాడు. "బొమ్మకు భాష అక్కర్లేదమ్మా" అని నా బల్ల మీద వేళ్ళతో దరువేసి మరీ చెప్పాడు. నాకూ బాగానే అనిపించింది. మొదటిసారి నక్షా కాకుండా బొమ్మ గీయమన్నారు కదా, సంబరపడ్డాను కూడా. బోర్డులు నిలబడ్డాక గైడు అవసరం లేదని అప్పటికే ఫైలు నడుస్తోందన్న సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

బోర్డులో బొమ్మలు ఒకే వరసలో ఉంటాయి. ఎడమ చివర విడిచిన చెప్పుల జత, దాని పక్కన పెద్ద గుడి, ఆ పక్కన పొలాల్లో ఉన్న చిన్న గుడి, కుడి చివర బస్సు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, పెద్ద గుడి చూసి, గట్టు వెంబడి చిన్న గుడికి పోయి, అక్కడినుంచి రోడ్డెక్కి బస్సు పట్టుకోవాలి. నున్నగా, ముచ్చటగా వచ్చింది. ఇంటికి తెచ్చి బాపుకి చూపించాను. మెచ్చుకుంటాడనే తెచ్చాను.

బాపు చాయ్ సాసర్‌లో పోసుకుంటూ కాసేపు చూశాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"గిదేంది బిడ్డా? బస్సు దిగినం, చిన్న గుడికి పోయినం, పెద్ద గుడికి పోయినం, ఆఖర్ల చెప్పులు ఇడుసుడా? అప్పటిదాంక చెప్పులతోనే తిరుగుమంటవా?"

"అట్ల కాదు బాపూ. ఎడమ దిక్కు నుంచి చూడాలె."

"ఎందుకు చూడాలె?"

"అందరు గట్లనే చూస్తరు."

"నేను చూడలేదు గద. అంటే నేను అందరిల లేనట్టేనా?" సాసర్ కింద పెట్టాడు. "నేను సదివిన కితాబులన్ని కుడిదిక్కు కెల్లే సురువైనయ్. ఇరాన్‌కెల్లి వచ్చేటోళ్ళు, అరబ్బు దేశాలోళ్ళు గట్లనే చదువుతరు. బొమ్మ ఎటుకెల్లి చూడాల్నో ముందుగాల కండ్లకు ఎవలు చెప్తరు?"

కావాలని వంకలు పెడుతున్నాడనుకున్నాను. ఉర్దూ చదువుకి విలువ పోయిందన్న ఉక్రోషం ఆయనకి ఎప్పుడూ ఉండేది. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. అవ్వ మగ్గం ఆపి, మా ఇద్దరి అరుపులకీ పోగులు తెగుతున్నాయని కసిరింది. కానీ పడుకున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. బాపు వంక పెట్టలేదు. ఆయన కళ్ళు నిజంగానే అటునుంచి మొదలుపెట్టాయి.

మర్నాడు ఆఫీసరు గదిలోకి వెళ్ళి, బొమ్మల మధ్య బాణాలు పెడదాం సార్ అన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "బయటి దేశాల్లో ఇలాంటి బోర్డుల మీద బాణాలుండవమ్మా. అందం చెడిపోతుంది. అయినా చదువుకున్నవాడు ఎవడైనా ఎడమవైపు నుంచే మొదలుపెడతాడు."

"మా బాపు చదువుకున్నోడే సార్."

ఆయన నవ్వాడు. పెద్దగా కూడా కాదు, ముక్కుతో ఒక చిన్న నవ్వు. పక్కన నిలబడ్డ హెడ్‌క్లర్కు కూడా మొహమాటానికి నవ్వాడు. ఈ హెడ్‌క్లర్కు బాపు ఉర్దూ బళ్ళోనే, ఒకే పలక మీద చదువుకున్న మనిషి. అయినా నవ్వాడు. ఇన్నేళ్ళయినా ఆ రెండు నవ్వుల్లో ఏది ఎక్కువ మండుతుందో చెప్పలేను.

బోర్డులు తయారయ్యాయి, పాతారు. కూలే మండపం ముందు పెట్టడానికి ఇంకో బోర్డు కూడా నా చేతే గీయించారు. అడ్డంగా ఎత్తిన అరచెయ్యి. ఆగండి, లోపలికి రావద్దు అని దాని అర్థం. పాతిన కొద్దిరోజులకే ఆ అరచేతికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు అది అభయహస్తంలా కనబడింది. దేవుడు రమ్మని దీవిస్తున్నాడని దండం పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, సరిగ్గా ఆ పగుళ్ళ రాళ్ళ కిందికే పోయి కొబ్బరికాయలు కొట్టసాగారు. బాపు వాళ్ళను బయటికి తరిమి, ఇంటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు గీసిన చెయ్యికి మొక్కులు చెల్లిస్తాన్రు బిడ్డా! కొత్త దేవున్ని పెట్టినవ్!" అన్నాడు. నేనూ నవ్వాను. రాయి ఊడి ఎవరి నెత్తిన పడినా నవ్వు సంగతి తెలిసేదని ఇప్పుడనిపిస్తుంది. ఆఫీసరుకి చెబితే, పల్లెటూరివాళ్ళ కోసం పెట్టిన బోర్డు కాదమ్మా అది అన్నాడు. రాయికి ఆ తేడా తెలుస్తుందా అని అడగాలనుకున్నాను, అడగలేదు.

ఆ తర్వాత ఒక సెలవు రోజున, ఇక్కడి కాలేజీలో చదువుకునే ఇరాన్ కుర్రాళ్ళు కోవెలకు వచ్చారు. ఆ సమయానికి బాపు ఇంకో దేశం వాళ్ళను బస్సెక్కిస్తూ రోడ్డు మీద ఉన్నాడు. కుర్రాళ్ళు బోర్డు ముందు నిలబడ్డారు, చూశారు, చిన్న గుడి వైపు నడిచారు. అక్కడినుంచి గట్టు మీదుగా పెద్ద గుడికి వెనకవైపు నుంచి వచ్చి, బూట్లతో లోపలికి అడుగుపెట్టారు. చెప్పులు విప్పే చోటు అన్నిటికంటే చివర వస్తుందని బోర్డే చెప్పింది కదా వాళ్ళకు.

పూజారి కేకలు పెట్టాడు. మొక్కు చెల్లించడానికి వచ్చిన ఊరివాళ్ళు చుట్టుముట్టారు. ఒకడు ఒక కుర్రాడి కాలర్ పట్టుకున్నాడు. ఆ కుర్రాడికి తానేం తప్పు చేశాడో తెలియదు, పట్టుకున్నవాడికి ఆ కుర్రాడేం చెబుతున్నాడో తెలియదు. బాపు ఆ అరుపులు విని రోడ్డు మీదినుంచి పరుగెత్తాడు. షేర్వాణీ గుండీలు తెగేటట్టు మధ్యలో దూరి, కాలర్ విడిపించి, వచ్చిన ఫార్సీ, రాని ఫార్సీ కలిపి మాట్లాడి, ఆ కుర్రాణ్ణి బోర్డు దగ్గరికి తీసుకొచ్చాడు. నువ్వెట్లా చూశావో వేలుపెట్టి చూపించమన్నాడు. కుర్రాడి వేలు బస్సు మీద మొదలై చెప్పుల మీద ఆగింది. కుర్రాళ్ళు అక్కడే బూట్లు విప్పి, బావి నుంచి నీళ్ళు తెచ్చి, తాము తొక్కిన రాళ్ళు తామే కడిగారు. ఊరివాళ్ళు కూడా చల్లబడ్డారు. వెళ్ళేటప్పుడు కాలర్ పట్టుకున్నవాడే వాళ్ళకు బీడీ ఇవ్వబోయాడట.

ఇదంతా బాపు ఇంటికొచ్చి చెప్పాడు. చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. వేలుతో గోడ మీద కుడినుంచి ఎడమకు గీసి గీసి చూపించాడు. "నేనన్ననా లేదా? చెప్పు, అన్ననా లేదా? రేపు సార్ పిలుస్తడు చూడు. మనిషి లేకుంటే ఏమైతుండెనో సార్‌కు గూడ తెలిసొచ్చే ఉంటది. ఇగ మన ఆర్డరు వచ్చినట్టే" అన్నాడు. అవ్వ మెటికలు విరిచి దిష్టి తీసింది. నేను కూడా నమ్మాను. నమ్మడమంటే అంతా ఇంతా కాదు, ఇంకోరకంగా జరుగుతుందన్న ఆలోచన కూడా రాలేదు.

సార్ పిలిచాడు. బాపు ఇస్త్రీ షేర్వాణీలో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. నా బల్ల తలుపు పక్కనే. ప్రతి మాటా వినబడింది.

"బోర్డు పెట్టాం. పైగా నువ్వొకడివి ఉన్నావు. అయినా బూట్లతో గుడిలోకి వెళ్ళారు. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇంకో పార్టీని బస్సెక్కిస్తాన సార్. ఆ పోరగాళ్ళ తప్పు లేదు సార్. బోర్డుల బొమ్మలు గిట్ల..." అంటూ బాపు వేలు గాలిలోకి లేపాడు.

"బస్సెక్కించడం నీ పనా? ఎవరు చెప్పారు నీకు? పూజారి ఫిర్యాదు చేశాడు. మనిషి ఉండి కూడా ఆపలేనప్పుడు మనిషి దేనికి? రేపటినుంచి రానక్కర్లేదు."

బాపు వేలు ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

నేను లేచి లోపలికి పోయాను. అనుమతి అడగకుండా పోవడం అదే మొదలు. "సార్, మా బాపు గీ మాట బోర్డు గీసినప్పుడే చెప్పిండు. నేను మీకు చెప్పిన. బాణాలు పెడదామంటే మీరు నవ్విండ్రు" అన్నాను. ఆఫీసులో ఇంటి మాట మాట్లాడకూడదని పళ్ళు బిగించి నేర్చుకున్న భాషంతా ఎటుపోయిందో.  

ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. ముందున్న కాగితం మీద సంతకం పెడుతూ, "నీ ఉద్యోగం కూడా టెంపరరీయే కదమ్మా" అన్నాడు. అంతే. కసురుకోలేదు, బల్ల గుద్దలేదు. ఆ నెమ్మది చూసి నాకు ఒళ్ళంతా నిప్పులు పోసినట్టయింది. బాపే నా భుజం పట్టి బయటికి తీసుకొచ్చాడు.

సాయంత్రం కాకముందే హెడ్‌క్లర్కు నా బల్ల దగ్గరికొచ్చి పాత ట్రేసింగు పరిచాడు. నా కళ్ళలోకి చూడకుండా చెప్పాడు. "బొమ్మల నడుమ బాణాలు పెట్టమన్నడు సార్. జర జల్దీ చెయ్యి బిడ్డా."

బాణాలు! నేనడిగినప్పుడు అందం చెడిపోతుందన్న బాణాలు. మా బాపు మాటే సరైనదని ఆ మనిషికి తెలిసింది. తెలిసి, ఆ మాటను ఉంచుకుని, చెప్పిన మనిషిని వెళ్ళగొట్టాడు. తప్పు చేసి ఒప్పుకోనివాళ్ళను చూశాను. తప్పును దిద్దుకుంటూనే దాన్ని ఇంకొకడి నెత్తిన రుద్దినవాణ్ణి అప్పుడే చూశాను. ఆ ట్రేసింగు చింపి మొహాన కొట్టాలనిపించింది. చుట్టి ఇంటికి తెచ్చాను.

"నేను గియ్య" అన్నాను బాపుతో. "బాణాలు పెడితే ఇగ నీతోని పనే లేదంటరు. నా చేతులతోని నేనెట్ల గియ్యాలె?"

"గియ్యి" అన్నాడు.

"పౌరుషం లేదా నీకు?"

"నాకు పౌరుషముంటే వచ్చేటోళ్ళకు తొవ్వ దొరుకుతదా? నువ్వు గియ్యకుంటే ఇంకోలు గీస్తరు. వాళ్ళు ఎటుకెల్లి ఎటు పెడ్తరో. మళ్ళ ఏ పిలగాని కాలర్ పడ్తరో." అని, మళ్ళీ తనే, "నీ నౌకరి గూడ పోతే అవ్వ మగ్గం ఎప్పుడు దిగాలె?" అన్నాడు.

 గీశాను. చెప్పుల నుంచి పెద్ద గుడికి ఒక బాణం, అక్కడినుంచి చిన్న గుడికి ఒకటి, అక్కడినుంచి బస్సుకి ఒకటి. ఏ దేశంవాడు ఎటునుంచి చూసినా తప్పిపోయే వీల్లేకుండా, ముక్కులు వాడిగా, లావుగా గీశాను. అంత కోపంతో, అంత శ్రద్ధగా నేను ఇంకే పనీ చేయలేదు.

కొత్త బోర్డులు పెట్టాక ఒకరోజు బాపు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కోవెలకు పోయాడు. అవ్వ గాబరాపడింది. నాకు మాత్రం లోపల ఒక ఆశ. ఏదో ఒక తప్పు పట్టుకుని వస్తాడు, ఏదో ఒక దేశంవాళ్ళు మళ్ళీ తికమకపడి ఉంటారు, మళ్ళీ ఈయనే కావాల్సి వస్తుంది అనుకున్నాను. నా బోర్డు ఓడిపోవాలని నేనే కోరుకున్నాను.

పొద్దుగూకే వేళకు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, మెడలోని రుమాలు తీసి తీగ మీద ఆరేశాడు. ఏమైందని నేను అడగకముందే చెప్పాడు.

"మస్తు గీసినవ్ బిడ్డా. పొద్దుగాల కెల్లి బోర్డు కాడనే నిలబడ్డ. ఎక్కడెక్కడోళ్ళో వచ్చిండ్రు, చూసిండ్రు, చెప్పులిడిసి సక్కగ పోయిండ్రు. ఒక్కలు గూడ నన్ను అడగలె."

నన్ను తిట్టు బాపూ అని అరిచాను. ఒక్క మాటైనా తిట్టు, ఆ చెయ్యి విరగ అను, ఏదైనా అను అని గోడకు తల కొట్టుకున్నంత పని చేశాను. ఆయనకు నేను ఎందుకు అరుస్తున్నానో అర్థం కాలేదు. బిడ్డ పనిని మెచ్చుకున్న తండ్రి, మెచ్చుకున్నందుకు బిడ్డ కోపగించుకుంటే ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, అన్నం పెట్టమన్నాడు.